కోనసీమ సూపర్‌హీరో కథ రాయాలంటే ముందు ఇంటి సంగతి చూడండి

వేసవి సెలవుల్లో మా ఊరి పిల్లలకి బొమ్మల కథలు రాయడం నేర్పుతుంటాను. సూపర్‌హీరో అనగానే వాళ్ల హీరోలందరూ పేరులేని మహానగరాల్లో అద్దాల మేడల మధ్య ఎగురుతుంటారు. ఎవరికీ అమ్మ ఉండదు. ఉన్నా రెండో పేజీలో విలన్ ఎత్తుకుపోతాడు. పెద్దవాళ్లు రాసి చూపించే కథల్లోనూ ఎక్కువగా ఇదే వరస. లోకాన్ని కాపాడే మనిషికి ఒక ఇల్లుంటే ఆ ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారు, పిల్లాడికి జ్వరమొస్తే రాత్రి ఎవరు మేలుకుంటారు అన్నది రాసేవాళ్లు తక్కువ.

నాకు అసలు కథ అక్కడే కనబడుతుంది. మా నాన్నగారు ఏటిగట్టు మీద లస్కరుగా, అంటే గట్టుని కాపలా కాసే ఉద్యోగిగా చేసేవారు. గోదావరి పొంగితే ఆయన గట్టు మీద, మేము ఇంట్లో. ఊరిని కాసే మనిషి ఇంట్లో పెరగడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. నేను పాటించే పద్ధతి, పిల్లలకి చెప్పే పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. కోనసీమలో ఉండి రాసేవాళ్లకీ, బయట ఉండి కోనసీమ కథ రాయాలనుకునేవాళ్లకీ పనికొస్తుంది.

ఇంగ్లిష్ కామిక్స్ వాళ్లు ఈ చిక్కుతో ఎప్పటినుంచో తంటాలు పడుతున్నారు. 1938లో పుట్టిన సూపర్‌మ్యాన్, తనెవరో తను ప్రేమించిన లోయిస్ లేన్‌కి చెప్పకుండా దశాబ్దాలు నెట్టుకొచ్చాడు. ప్రధాన కథలో వాళ్ల పెళ్లి 1996లో గానీ కాలేదు. 1961లో మొదలైన ఫెంటాస్టిక్ ఫోర్ వాళ్లు కుటుంబాన్నే జట్టు చేసేశారు. ఆ జట్టులో రీడ్‌కీ స్యూకీ 1965లో పెళ్లయింది, 1968లో కొడుకు పుట్టాడు. స్పైడర్‌మ్యాన్‌కి 1987లో పెళ్లి చేశారు. 2007కి వచ్చేసరికి ఒక పిశాచంతో బేరం కుదిర్చి ఆ పెళ్లి అసలు జరగనట్టే చెరిపేశారు. ఇల్లున్న హీరోని నడిపించడం కష్టమనిపిస్తే ఇంటినే తీసేయడం చాలా సులువు. మీరు ఆ దారి పట్టకండి.

శక్తి గురించి తరవాత, ముందు ఒక మామూలు రోజు

ప్రమాదం ఏమీ లేని ఒక రోజుని తెల్లారి నుంచి రాత్రి దాకా కాగితం మీద పెట్టండి. ఉదాహరణకి నా హీరో పేరు వరలక్ష్మి అనుకుందాం. లంక ఊళ్లో, అంటే ఏటి మధ్య దిబ్బ మీది ఊళ్లో ఇల్లు. భర్త శ్రీను కువైట్‌లో డ్రైవరు. అత్తగారు మంగమ్మ, పదో తరగతి చదివే కూతురు దివ్య, ఐదేళ్ల కొడుకు బుజ్జి, ఒక చూలు గేదె. వరలక్ష్మికి తండ్రి పోయాక గట్టు మీద లస్కరు ఉద్యోగం వచ్చింది.

ఇప్పుడు పనులు రాయండి. పాలు తీసేదెవరు, పాలకేంద్రానికి పోసేదెవరు, మంగమ్మగారి బీపీ మాత్రలు ఎవరు గుర్తుచేస్తారు, దివ్యని రేవు దాకా ఎవరు దింపుతారు, డ్వాక్రా వాయిదా ఎప్పుడు కట్టాలి, కొబ్బరి దింపుకి మనిషిని ఎవరు పిలుస్తారు, లెక్క ఎవరు చూస్తారు. ప్రతి పని పక్కనా ఒక పేరు పెట్టండి. తరవాత వరలక్ష్మి పేరున్న ప్రతిచోటా కొట్టేసి, ఆ పని ఎవరి మీద పడుతుందో రాయండి. కొన్ని దివ్య మీద పడతాయి. కొన్ని మంగమ్మ మీద. కొన్ని ఎవరి మీదా పడవు, అలా ఆగిపోతాయి. ఆ ఆగిపోయినవాటి చుట్టూ గీత గీసుకోండి. మీ కథకి కావలసిన గొడవలన్నీ అక్కడే దొరుకుతాయి.

ఈ కాగితం లేకుండా రాయడం మొదలుపెడితే, "నువ్వు ఇంటిని పట్టించుకోవు" అని ఎవరో ఒకరు అరిచే సీను రాస్తారు. ఏ పని పట్టించుకోలేదో చెప్పలేని కోపం చదివేవాళ్లకి తగలదు. "నాలుగు రోజుల్నుంచి నాన్నమ్మ మాత్రలు అయిపోయినయ్" అంటే తగులుతుంది.

శక్తి చిన్నదిగా ఉండాలి, దాని ఖర్చు ఇంట్లో తెలియాలి

కొండలు ఎత్తే శక్తి ఇస్తే మన నేల మీద దానికి పనిలేదు. ఇక్కడ కొండల్లేవు. డెల్టాలో పనికొచ్చే శక్తి కావాలి, అది కూడా ఒక్క పనికే ఉపయోగపడాలి.

వరలక్ష్మికి నేనిచ్చింది వినికిడి. చెప్పుల్లేకుండా గట్టు మీద నిలబడితే, మట్టి లోపల నీరు ఎక్కడ దారి చేసుకుంటోందో ఆమెకి వినబడుతుంది. దీనికి కారణం ఉంది. గట్టు తెగడం అనగానే నీరు పైనుంచి పొర్లి తెగుతుందనుకుంటారు. కింద నుంచి కూడా తెగుతుంది. ఎలుక బొరియో, పీత బొరియో, చచ్చిన చెట్టు వేరు కుళ్లిన ఖాళీయో ఉంటే ఏటి నీరు దాంట్లోంచి ఊరువైపుకి ఊటగా వస్తుంది. ఊట నీరు తేటగా వస్తే కొంత నయం. బురదగా వచ్చిందంటే గట్టు లోపలి మట్టి కొట్టుకొస్తోందన్నమాట, అక్కడ బుంగ పెద్దదవుతోంది. దాన్ని గుడ్డలు కుక్కి మూయడానికి చూడకూడదు, నీరు పక్కనుంచి ఇంకో దారి వెతుక్కుంటుంది. ఊట చుట్టూ ఇసుక బస్తాలు గుండ్రంగా పేర్చి, ఆ మధ్యలో నీటిమట్టం పెరగనిస్తారు. అప్పుడు లోపలి నీటి బరువే వచ్చే నీటిని నెమ్మది చేస్తుంది, మట్టి రావడం ఆగుతుంది. మా నాన్నగారు రాత్రిళ్లు టార్చిలైటు వేసుకుని చూసేది ఈ నీటి రంగునే.

ఇది తెలిస్తే మీ హీరో శక్తికి హద్దు దానంతటదే వస్తుంది. వరలక్ష్మి చోటు చెప్పగలదు, బస్తాలు ఒక్కర్తే మొయ్యలేదు. ఊరి మగాళ్లు, ఇరిగేషన్ వాళ్లు, ట్రాక్టరు, సరుగుడు బాదులు (కర్రలు) అన్నీ కావాలి. ఆమె మాట నమ్మి అర్ధరాత్రి లేచి వచ్చే మనుషులు కావాలి. హీరో ఒక్కర్తే గెలిచే కథ కంటే ఇది వందరెట్లు నిజం.

ఇక ఖర్చు. శక్తి వాడిన తరవాత ఆమె చెవుల్లో నీళ్ల హోరు నిలిచిపోతుంది, ఒకటి రెండు రోజులు మనుషుల మాట వినబడదు. గట్టు మీద దీంతో ఇబ్బంది లేదు, సైగలతో పని జరిగిపోతుంది. ఇబ్బంది ఇంట్లో వస్తుంది. రాత్రి బుజ్జి దగ్గితే ఆమెకి తెలియదు. అందుకని వరద నెలల్లో దివ్య తమ్ముడి పక్కన పడుకుంటుంది, ఎవరూ చెప్పకుండానే. కథలో దీని గురించి ఎవరూ మాట్లాడనక్కర్లేదు. దివ్య చాప మారడం ఒక్క బొమ్మలో చూపిస్తే చాలు.

హీరోకి శక్తి వాడాక తలనొప్పి, ముక్కులోంచి రక్తం లాంటివి పెట్టకండి. అవి అతని ఒంటికి జరిగే నష్టం. మీకు కావలసింది, పక్కనున్నవాళ్లు మొయ్యాల్సిన నష్టం.

ఇల్లు గట్టుకి ఏ పక్కన ఉంది?

కోనసీమ కథకి ఇంతకంటే ముఖ్యమైన ప్రశ్న నాకు తెలియదు. ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమిగా, వసిష్ఠగా చీలుతుంది. కిందకి వచ్చాక వసిష్ఠలోంచి వైనతేయ విడిపోతుంది. ఈ పాయల పొడవునా ఏటిగట్లు ఉన్నాయి. గట్టుకి ఆవల ఉన్న ఊళ్లని గట్టు కాస్తుంది. గట్టుకి లోపల, ఏటి మధ్యలో ఉన్న లంకల్ని కాయదు. వరదొస్తే లంక ముందు మునుగుతుంది. చాకలిపాలెం దగ్గర కాజ్‌వే మునిగితే కనకాయలంక వాళ్లకి పడవే దిక్కు.

వరలక్ష్మి ఇల్లు లంకలో పెట్టాను. ఆమె కాపలా కాసేది గట్టుని. అంటే ఆమె రాత్రంతా నిలబడి కాపాడేది తన ఇంటిని కాపాడని గట్టుని. ఇది నేను కల్పించిన ఇరకాటం కాదు, నేల అలా ఉంది.

సినిమా కథల్లో ఒకవైపు బిడ్డ, ఇంకోవైపు బస్సునిండా జనం వేలాడుతుంటే హీరో ఎటు వెళ్లాలా అని చూస్తాడు. అది బలవంతంగా కట్టిన ముడి, చివరికి ఇద్దర్నీ కాపాడేస్తాడని అందరికీ తెలుసు. లంకలో ఇల్లు, గట్టు మీద కొలువు ఉన్న మనిషికి ఆ ముడి ప్రతి జులైలోనూ, ప్రతి ఆగస్టులోనూ ఉంటుంది. దానికి విలన్ అక్కర్లేదు.

మూడు హెచ్చరికల మీద కథ నడపండి

మనకి వచ్చే వరద చెప్పి వస్తుంది. భద్రాచలంలో 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులు, 13.75, 17.75. నీటి లెక్కలో చెప్పాలంటే 10 లక్షల క్యూసెక్కులు, 13 లక్షలు, 17 లక్షలు. భద్రాచలంలో ఏటి మట్టం 1986 ఆగస్టులో 75 అడుగులు దాటింది, 2022 జులైలో 71 అడుగులు దాటింది. పైన నీరు పెరిగిన కబురు మనకి నీటికంటే ముందే వస్తుంది. ఆ మధ్య వ్యవధిలో ఇంట్లో ఏం జరుగుతుందన్నదే మీ కథ. నగరంలో పేలుడు జరిగితే హీరో అన్నం మధ్యలో లేచి పరిగెత్తాలి, ఇంట్లో ఎవరికీ మాట్లాడే సమయం ఉండదు. ఇక్కడ ఉంటుంది. మాట్లాడక తప్పదు కూడా.

మొదటి హెచ్చరికప్పుడు హీరోని ఇంట్లోనే ఉంచండి. లంకల్లో కూరగాయ పాదులు, అరటి తోటలు మునగడం మొదలవుతుంది. ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడుకోరు, చేతులు మాత్రం ఆగవు. బియ్యం డ్రమ్ము అటక మీదికి. పుస్తకాలు, ఆధార్ కార్డులు, పట్టాదారు పాసుపుస్తకం ప్లాస్టిక్ సంచిలో కట్టి పైకి. ఫోన్లన్నీ ఛార్జింగ్‌కి. ఈ భాగం తొందరగా దాటెయ్యకండి, పాఠకుడికి ఇల్లు అలవాటయ్యేది ఇక్కడే.

రెండో హెచ్చరికప్పుడు వాదన పెట్టండి. నేను రాసిన తీరు ఇది.

"అత్తయ్యా, పడవ ఇంకో రెండు ట్రిప్పులే వేత్తాడంట. లేవండి."

"నేను రానమ్మా. ఎనభయ్యారులో అటకెక్కి కూచున్నాం, పోయామా? గేదె చూస్తే ఇయ్యాలో రేపో అన్నట్టుంది. దాన్నొదిలేసి ఎలా వత్తాను? పిల్లల్ని తీసుకుని నువ్వెళ్లు."

"మీరిక్కడుంటే గట్టు మీద నాకు ఊట వినపడదండి. ఇల్లే వినపడతాది."

మంగమ్మ కాసేపు ఏమీ అనలేదు. తరవాత కొంగు బిగించి, "దివ్యా, గేదె పలుపు విప్పే" అంది.

మంగమ్మ మనసు మారింది బతిమాలినందుకు కాదని గమనించండి. తను కదిలితేనే కోడలు పని చేయగలదని అర్థమైంది. అంటే కోడలి కొలువులో తన భాగం ఉంది. ఇంట్లో ప్రతి మనిషికీ ఇలాంటి నిర్ణయం ఒకటి ఇవ్వండి. అతను తీసుకున్న నిర్ణయం వల్ల గట్టు మీద ఏదో ఒకటి మారాలి. అలా మారకపోతే ఆ పాత్ర హీరో కోసం కన్నీళ్లు పెట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

మూడో హెచ్చరికప్పుడు హీరోనీ ఇంటినీ విడగొట్టండి. ఇల్లు పునరావాస కేంద్రంలో, హీరో గట్టు మీద. ఒక పేజీ అక్కడ, ఒక పేజీ ఇక్కడ. రెండింటికీ సమానంగా చోటివ్వాలి. బడి వరండాలో పులిహోర పొట్లాల వరస, కరెంటు లేక సెల్‌ఫోను వెలుతురులో బుజ్జికి అన్నం కలపడం, బయట కట్టేసిన గేదె నొప్పులు పడటం, ఇవన్నీ గట్టు మీది ఇసుక బస్తాలంత శ్రద్ధగా రాయండి. ఆ రాత్రి అమావాస్య చేస్తే ఇంకా మంచిది. సముద్రం పోటు మీదుంటే వరద నీరు తొందరగా దిగదు. ధవళేశ్వరంలో తగ్గిందని చెప్పినా కింద ఊళ్లలో నీరు అలాగే నిలబడి ఉంటుంది. ఎంత శక్తి ఉన్నా సముద్రం నీళ్లు తీసుకోనంటే వరలక్ష్మి చేయగలిగిందేమీ లేదు. నిలబడటమే.

వరద వద్దు, ఇంకేదైనా కావాలంటే డెల్టాలో ప్రమాదాలకి కొదవలేదు. 1996 నవంబరు 6 తుపాను ఉంది. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాస్ బావిలో మొదలైన మంట రెండు నెలలకి పైగా మండింది. అలాంటిదాన్ని హీరో ఒక్క ఊపుతో ఆర్పేస్తే ఆ రెండు నెలలు ఊరు పడ్డ బాధకి విలువ లేకుండా పోతుంది. హీరోని షిఫ్టుల్లో పనిచేయించండి. ఒక రాత్రి త్యాగం చేయడం వేరు, రెండు నెలలు నైట్ డ్యూటీ చేస్తూ పగలు ఇల్లు నడపడం వేరు.

రహస్యం దాగదు

మా ఊళ్లలో ఎవరింటికి చుట్టాలొచ్చారో రేవులో దిగకముందే తెలిసిపోతుంది. ముసుగు వేసుకుని రోజూ బయటికెళ్లే మనిషిని ఎవరూ గుర్తుపట్టరంటే పిల్లలు కూడా నమ్మరు. రహస్యం ఊరందరిదీ చేయండి. అందరికీ తెలుసు, బయటివాళ్ల దగ్గర ఎవరూ ఎత్తరు. అప్పుడు ఇంకో సమస్య వస్తుంది: అందరికీ తెలుసు కాబట్టి అందరూ తలుపు కొడతారు. మా చేలో బోరు ఎక్కడ వెయ్యాలమ్మా, మా ఇంటి పునాది కింద ఏమైనా వినబడుతోందా చూడమ్మా అని. వాళ్లు చెడ్డవాళ్లు కారు, అవసరం వాళ్లది. ఎవరికి రానని చెప్పాలి, ఆ మాట గుమ్మంలో నిలబడి ఎవరు చెబుతారు? వరలక్ష్మి చెప్పలేదు. మంగమ్మ చెబుతుంది, కాఫీ ఇచ్చి మరీ చెబుతుంది.

శ్రీను సంగతి విడిగా చెప్పాలి. కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. ఇక్కడ రాత్రి పదయితే అక్కడ ఏడున్నర, అప్పుడే డ్యూటీ దిగి గదికి వస్తాడు. వచ్చి ఫోన్లో వరద వీడియోలు చూస్తాడు. భార్యకి ఫోన్ చేస్తే వినబడదు, కూతురికి చేస్తే సిగ్నల్ లేదు. ఇంటికోసం ఇంటికి దూరంగా ఉన్నవాళ్లు కోనసీమలో చాలామంది, ఆడవాళ్లూ మగవాళ్లూ. సూపర్‌హీరో పడే బాధని వాళ్లకి వివరించనక్కర్లేదు. శ్రీనుని భార్య మీద అలిగే భర్తగా రాయకండి. ఇద్దరూ ఒకే పని చేస్తున్నారని ఇద్దరికీ తెలిసినట్టు రాయండి. పడవవాడికి డబ్బులు ఫోన్‌పేలో ముందే పంపింది అతనే అని మధ్యలో ఎక్కడో ఒక ముక్క పడితే చాలు.

వరద నీరు తగ్గాక కథలో మూడో వంతు మిగిలుండాలి

చాలామంది గట్టు నిలబడగానే కథ ఆపేస్తారు. ఇల్లు రాయడానికి అదే అసలు సమయం. మా నాన్నగారు గట్టు దిగి వచ్చినప్పుడు కాళ్లు నానిపోయి తెల్లగా పాలిపోయి ఉండేవి, వేళ్ల సందుల్లో చర్మం చిట్లిపోయేది. మా అమ్మ పీట వేసి కూర్చోబెట్టి, పసుపూ కొబ్బరినూనె కలిపి ఒక్కొక్క సందులో రాసేది. వరద ఎంతొచ్చిందని అడిగేది కాదు. "ఏం తిన్నారు?" అని అడిగేది. ఆయన చెప్పిన దాన్ని బట్టి పొయ్యి మీద ఏం పెట్టాలో చూసుకునేది. నేను రాసే ప్రతి కథలోనూ తిరిగొచ్చిన మనిషిని ముందు ఆ ప్రశ్నే అడిగిస్తాను.

నీరు తీశాక లంకలో ఇంటినిండా ఒండ్రు. గోడ మీద నీటి గీత. గిన్నెల కింద పాములు ఉంటాయని కర్రతో తట్టి తీయాలి. నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లకి ఇంట్లో ఎవరో ఒకరు ఉండి చూపించాలి. వరలక్ష్మికి ఇంకా చెవులు రాలేదు, అందుకని దివ్యే వాళ్లతో మాట్లాడుతుంది.

ఆ రాత్రి బడి దగ్గర గేదె ఈనింది. దూడ అడ్డం తిరిగితే మంగమ్మ చెబుతుంటే దివ్య చెయ్యి పెట్టి సరిచేసింది. అమ్మ అక్కడ లేదు. దివ్యకి అది గర్వం, దాని పక్కనే కోపం కూడా. ఈ రెంటినీ విడదీయకండి. తల్లి చేత "నన్ను క్షమించు, నాకు లోకం ముఖ్యమే, నువ్వూ ముఖ్యమే" అని చెప్పించకండి. నా కథలో వరలక్ష్మి దూడ దగ్గర కూర్చుని, ఎలా జరిగిందో చెప్పమని సైగ చేస్తుంది. వినబడదు కదా, దివ్య రఫ్ నోట్సు తెచ్చి మొత్తం రాస్తుంది. రెండు పేజీలు. తల్లి చదువుతూ ఒకచోట వేలు పెట్టి, ఇక్కడ భయమెయ్యలేదా అన్నట్టు చూస్తుంది. "వేసింది" అని రాస్తుంది దివ్య. అక్కడితో ఆ గొడవ తీరిపోయిందని నేను చెప్పను. మాత్రలు ఇంకా కొనలేదు, వాయిదా తేదీ దాటిపోయింది, వచ్చే ఏడు మళ్లీ వరదొస్తుంది. మీరు మొదట్లో గీత గీసుకున్న పనుల్లో ఒకటైనా చివరి పేజీకి తీరకుండా మిగలాలి.

రాసేశాక

బొమ్మల కథ అయితే మాటలు పైకి చదివించండి, పిల్లల చేతే. మన పిల్లలు ఇంట్లో అనని మాట దగ్గర నాలుక తడబడుతుంది, అక్కడ గుర్తు పెట్టుకుని మార్చండి. "ఆయ్", "అండి" అవసరానికి మించి చల్లకండి, ప్రతి వాక్యంలో యాస పెడితే పాత్రలు నాటకం ఆడుతున్నట్టుంటాయి.

తరవాత రాత్రి డ్యూటీ చేసే మనిషి ఇంటికి వెళ్లి ఒకసారి వినిపించండి. లస్కరు, నర్సు, లైన్‌మ్యాన్, వేటకెళ్లే మత్స్యకారుడు, ఎవరైనా సరే. ఆ మనిషికి కాక, ఇంట్లో ఉండేవాళ్లకి వినిపించండి. వాళ్లు మధ్యలో ఆపి "అలా ఉండదమ్మా, అప్పుడు మేమేం చేస్తామంటే" అని మొదలుపెడితే కలం తీసుకుని రాసుకోండి. వాళ్లు ఎక్కడా ఆపకుండా బాగుందని చెప్పేస్తే, దినచర్య కాగితం బయటికి తీసి, హీరో లేనప్పుడు ఏ పని ఎవరి మీద పడిందో మళ్లీ చూసుకోండి.